చేతి కింద పళ్ళెం

తెనాలి,
9-7-1967

అత్తయ్యగారికి రిబ్కా వందనాలు.

మీరు రేపల్లె బండి ఎక్కి వెళ్ళి పది రోజులైంది. కొత్త కాపురం సర్దిపెట్టడానికి వచ్చి పదిహేను రోజులున్నారు. ఇప్పుడు మా వంటగదిలోకి వెళితే ఏ డబ్బాలో ఏముందో అడగడానికి మనిషి లేక దిక్కులు చూస్తున్నాను.

నా మీద కోపం పోయిందాండీ? మీరు ఉప్పు గుప్పిట్లోకి తీసుకున్నప్పుడల్లా నేను చేతి కింద పళ్ళెం పెట్టి, “ఒక్క నిమిషం ఆగండి అత్తయ్యగారూ” అని, దాన్ని చెంచాతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. బడిలో లెక్కలు చెప్పేదాన్ని గదా, ఇంట్లోనూ ఆ బుద్ధి పోలేదు. మొదట్లో నవ్వారు. చివరి రోజుకి మీకు విసుగొచ్చింది. “పందొమ్మిదేళ్ళ నుంచి అరవై మంది పిల్లలకి వండుతున్నా, నా చేతి కింద పళ్ళెం పెట్టింది నువ్వే” అని, గుమ్మడికాయ కేకు చేసేటప్పుడు నన్ను వంటగదిలోంచి బయటకు పంపి తలుపు వేసుకున్నారు. అందుకే నా పుస్తకంలో అన్నీ ఉన్నాయి, ఆ కేకు పేజీ మాత్రం పైన పేరు రాసి ఖాళీగా ఉంది.

నిన్న బీరకాయ కూర చేశాను. మీ అబ్బాయి తిని “బాగుంది” అన్నారు. “అమ్మ చేసినట్టు లేదు” అనే మాట మింగి ఆ మాట అన్నారని ముఖం చూస్తే తెలిసిపోయింది. పైగా కొంచెం చేదుగా ఉంది. ఎందుకంటారు?

మీ కోడలు
రిబ్కా


రేపల్లె,
16-7-1967

అమ్మాయి రిబ్కాకు అత్త కమలమ్మ దీవెనలు.

కోపం ఏంటే పిచ్చిపిల్లా! కోపమైతే కాకరకాయ విత్తనాలు పంపుతానా? పొట్లం విప్పి చూడు. కాకర, బీర, తీపి గుమ్మడి వేరువేరుగా కట్టాను. గుమ్మడి పాదు స్నానాలగది పక్కన పెట్టి రేకుల మీదికి ఎక్కించు. నీళ్ళు వాటంతటవే పోతాయి.

బీరకాయ చేదుగా ఉందంటే తప్పు నీది. ప్రతి కాయా తొడిమ దగ్గర కోసి, ముక్క నాలిక మీద పెట్టి చూడాలి. చేదుంటే పారెయ్యాలి. ఒక్క చేదు కాయ కూరంతా చెడగొడుతుంది. దోసకాయకీ అంతే, సొరకాయకీ అంతే. నోటితో చూడకుండా ఏదీ కొనకు, ఏదీ పొయ్యి మీదికి ఎక్కించకు. వంట చేతిలో ఉందంటారు గాని నన్నడిగితే నాలిక మీదుంది. ఇది నీ పుస్తకంలో రాసుకో. దీనికి పళ్ళెం అక్కర్లేదు.

మా బోర్డింగ్ స్కూలు పెరట్లో వంకాయలు విరగకాశాయి. పిల్లలు పొద్దున వంకాయ, రాత్రి వంకాయ అని గోల. కొత్తగా వచ్చిన మేట్రన్ ప్రేమకుమారిగారు తోటంతా తిరిగి చూసి, “ఇంత కాపు ఎలా తెప్పించావు కమలమ్మా?” అంది. పొయ్యి బూడిద, పిల్లలు చేతులు కడిగిన నీళ్ళు అని చెప్పాను. మనిషి కాస్త కటువు గాని మంచిదే అనిపిస్తోంది.

పిల్లల్లో ఇద్దరికి జ్వరం తగిలింది. గంజి కాచాలి, ఉంటాను.

అత్త
కమలమ్మ


రేపల్లె,
3-9-1967

అమ్మాయి రిబ్కాకు దీవెనలు.

ఉత్తరం ఆలస్యమైంది. బోర్డింగ్‌లో సగం మంది జ్వరాలతో పడ్డారు, నేనూ పన్నెండు రోజులు మంచం దిగలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాను. అబ్బాయికి చెప్పి కంగారు పెట్టకు.

ఒక సంగతి. నీ పుస్తకంలో నా వంటలన్నీ రాసుకున్నావుగా. సోలెడు కందిపప్పుకి ఉప్పు ఎన్ని చెంచాలని రాశావు? గోంగూర పప్పుకి ఎండుమిరపకాయలెన్ని? పులుసుకి చింతపండు ఎంత? వెంటనే రాయి. పుస్తకంలో ఏముందో నాకూ చూడాలనుంది. ఉత్తరంలో అన్నీ పట్టకపోతే పప్పు ఒక్కటి రాసినా చాలు.

గుమ్మడి పాదు ఎంత వరకు పాకింది?

అత్త
కమలమ్మ


తెనాలి,
10-9-1967

అత్తయ్యగారికి రిబ్కా వందనాలు.

మీకు జ్వరం వచ్చి తగ్గేదాకా మాకు కబురే లేదు. మీ అబ్బాయి చాలా బాధపడ్డారు. చెప్పొద్దన్నారు గాని చెప్పకుండా ఉండలేకపోయాను.

పప్పు సంగతి అడిగారు. ఆయన మీకు రాసే ఉంటారు, నాకు తెలుసు. పోయిన నెల ఒక శుక్రవారం పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. అది మీదాకా వచ్చి, ఇప్పుడు నాకు పరీక్ష పెడుతున్నారన్నమాట. పందొమ్మిదేళ్ళు వండిన మీరు పప్పులో ఉప్పెంత అని నన్నడగడం ఏంటండీ! వేళాకోళం అర్థం కాని దాన్ని కాదు. పళ్ళెం పెట్టడం నా పొరపాటే, ఒప్పుకున్నాను. ఆ పుస్తకం అటక మీద పడేశాను. దాని ఊసు మళ్ళీ ఎత్తకండి, సిగ్గుగా ఉంది.

ఇంకో మాట. ఇది కోపంతో రాయకూడదని ఇంతసేపూ ఆగాను. నాకు మూడో నెల నిండింది. మొదట మీకే రాస్తున్నాను. మా అమ్మకి రేపు రాస్తాను.

రిబ్కా


రేపల్లె,
20-10-1967

నా తల్లి రిబ్కాకు,

జవాబు రాయడం ఆలస్యమైంది. నీ ఉత్తరంలో ఆ చివరి మూడు ముక్కలు నాలుగుసార్లు చదివాను. పైదంతా ఒక్కసారే చదివాను. నువ్వేమన్నా నాకు కష్టం లేదు. పొద్దున లేవగానే నీ పేరు చెప్పి ప్రార్థన చేసుకుంటున్నాను. బరువులెత్తకు. నూతి దగ్గర నీళ్ళు అబ్బాయిని తోడమను. వాడికి తోడడం వచ్చు, రానట్టు నటిస్తాడు.

వేవిళ్ళలో నీకు ఏం తినాలనిపిస్తోందో నేనడగక్కర్లేదు. తలుపు వేసుకుని చేసిన కేకు! గార్డు దేవదానంగారి చేతికిచ్చి పంపుతున్నాను, ఆదివారం స్టేషన్‌కి వెళ్ళి తీసుకోమను. మన గుమ్మడికాయే. ఇంట్లో బెల్లం అయిపోయింది గనుక బండి మీద కొని వేశాను. పెనుమూడి రేవు ఇసుక దబరలో పోసి, మూత మీద బొగ్గులు పేర్చి, గంటసేపు దగ్గర కూర్చుని కాల్చాను. రంగు బాగా వచ్చింది.

ఇక్కడ పిల్లలు ఈ మధ్య అన్నాలు వదిలేస్తున్నారు. కొత్త బియ్యం వల్లనుకుంటాను.

అత్త
కమలమ్మ


తెనాలి,
29-10-1967

అత్తయ్యగారికి,

కేకు అందింది. మా బడి టీచర్లను నలుగురిని పిలిచాను. మా అత్తగారు చేసి పంపారని గొప్పగా చెప్పి కోసి పెట్టాను. ఒక్కొక్కరూ ఒక ముక్క నోట్లో పెట్టుకుని మంచినీళ్ళడిగారు. ఉప్పుకషాయం. ఒకామె పాపం బయటికెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

మీ చేతిలో ఉప్పు పొరపాటున పడదు. అది నాకంటే బాగా ఎవరికీ తెలియదు, పదిహేను రోజులు కొలిచిందాన్ని. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసినందుకు ఇదా అత్తయ్యగారూ? మీ అబ్బాయినడిగితే “అమ్మ అలాంటిది కాదు” అంటారు. కోపముంటే నాలుగు మాటలనండి, పడతాను. కడుపుతో ఉన్నదానికి ఆశపెట్టి ఇలా పంపాలా?

ఇది రాస్తూ ఏడుస్తున్నాను. అది కూడా మీకు తెలియాలని రాస్తున్నాను.

రిబ్కా


రేపల్లె,
5-11-1967
(కార్డు)

అమ్మాయికి,

తప్పు నాదే. నీ మీద నాకు కోపం లేదు, దేవుడికి తెలుసు. ఇకమీద తినేవి ఏవీ పంపను. మీ అమ్మ చేతి వంట తిని ఆరోగ్యంగా ఉండు.

కమలమ్మ


బాపట్ల,
10-12-1967

మా అత్తయ్యగారికి రిబ్కా కాళ్ళకు మొక్కి రాస్తున్నది.

ఏడో నెల వచ్చిందని అమ్మ నన్ను బాపట్ల తీసుకొచ్చింది. మీ కార్డుకి నెల రోజులు జవాబు రాయలేదు. ముందు కోపం, తర్వాత మొండితనం. ఇప్పుడు సిగ్గు.

నిన్న మా వీధిలోకి బెల్లం బండి వచ్చింది. అమ్మ ఒక పలుకు విరిచి నోట్లో వేసుకుని, “ఉప్పు బెల్లం. సముద్రం వైపు చేలదేగా, మాకొద్దు నాయనా” అని పంపేసింది. చూడ్డానికి బంగారంలా ఉంది. నేనూ ఒక పలుకు నోట్లో వేసుకున్నాను. అత్తయ్యగారూ, అదే రుచి. మీ కేకు రుచి. “ఎవరైనా తెలియక కొంటారా అమ్మా?” అంటే, “నోట్లో వేసుకోకుండా బెల్లం ఎవరు కొంటారే?” అంది.

నేను వీధి అరుగు మీద అలాగే కూర్చుండిపోయాను. నోటితో చూడకుండా ఏదీ కొనకు అని నాకు రాసిన మనిషి చూడకుండా కొనదు. కొని, పొడి కొట్టి, పిండి కలిపి, వేలితో నాకి చూడకుండా పొయ్యి ఎక్కించదు. చూసే ఉంటారు. చూసినా తెలియలేదు. జ్వరం తర్వాత పప్పులో ఉప్పెంత అని అడిగారు. వేళాకోళమనుకున్నాను. పిల్లలు అన్నాలు వదిలేస్తున్నారని రాశారు. చదివి పక్కన పెట్టాను. లెక్కల టీచర్ని, మూడూ కళ్ళముందు పెట్టుకుని కూడికలు చేసుకోలేకపోయాను.

నేననుకున్నది నిజమేనాండీ? కాకపోతే నన్ను తిట్టి రాయండి. నిజమైతే ఆ సంగతి నాకొక్కదానికైనా చెప్పండి.

పుస్తకం అటక మీద పడేశానని అబద్ధం రాశాను. అది నా పెట్టెలోనే ఉంది. రిజిస్టరు చేసి పంపుతున్నాను. ఉప్పు, కారం, చింతపండు, ముగ్గురికి మీ చెయ్యి ఎంత తీసిందో అంతా ఉంది. పక్కన ఎర్ర సిరాతో అరవై మందికి లెక్క కట్టి రాశాను. ఇవి నా కొలతలు కావు. జ్వరం రాకముందు మీ చేతివే.

మీ
రిబ్కా


రేపల్లె,
17-12-1967

నా తల్లీ,

నిజమే.

జ్వరం తగ్గిన రోజు గంజి తాగితే వేన్నీళ్ళలా ఉంది. ఉప్పు వెయ్యలేదేంటే అని గంజి కాచిన పిల్లని కసిరాను. అది బెదిరిపోయి ఇంకా వేసింది. అయినా అంతే. మర్నాడు ఉప్పురాయి నోట్లో వేసుకున్నాను. గులకరాయి. పోపు వేగుతుంటే చప్పుడు వినిపిస్తుంది, వాసన రాదు. మిరపకాయ కొరికితే మండుతుంది గాని దానికీ రుచి లేదు. ఆ మంట ఒక్కటే మిగిలింది నాకు. ఆసుపత్రిలో చూపిస్తే కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు అన్నారు.

ఎవరికీ చెప్పలేదు. వంటమనిషికి నాలిక లేదంటే ఎవరు ఉంచుకుంటారు? మొన్నామధ్య చేదు బీరకాయ ఒకటి అరవై మంది కూరలో పడింది. కోసి నాలిక మీద పెట్టుకునే చూశాను, ఏం తెలుస్తుంది! ప్రేమకుమారిగారు పిలిచి, “ఇంకోసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకోవాల్సి వస్తుంది కమలమ్మా” అంది. పని పోతే మా దగ్గరికి వచ్చి కూర్చోండి అంటావు నువ్వు. కూర్చోవడం నాకు రాదమ్మా. ఆయన పోయినప్పుడు పదేళ్ళ పిల్లాడితో ఈ పొయ్యి ముందుకొచ్చాను. ఈ పొయ్యి తప్ప నేనెవరో నాకు తెలియదు.

నిన్న నీ పుస్తకం వచ్చింది. నేను విసుక్కుంటూ గుప్పిలి పట్టిన ఉప్పంతా అందులో ఉంది. “అత్తయ్యగారు కోపంగా వేశారు, అర చెంచా ఎక్కువ” అని కూడా రాశావు! ఏడుస్తూ నవ్వాను. పొద్దున ఎర్ర సిరా చూసి గోంగూర పప్పు వండాను. పిల్లలు గిన్నెలు నాకి, గరిటెతో అండా గీకారు. ఆ గీకుతున్న చప్పుడు వింటూ గోడకానుకుని నిలబడ్డాను. నా చేతిని దాచి మళ్ళీ నాకే ఇచ్చావు.

ఒక్క దిగులుంది. ఫిబ్రవరిలో మా చర్చి సంఘం కోత పండుగ. ఎవరి తోటలో పండింది వాళ్ళు గుడికి తెచ్చి వేలం వేస్తారు గదా. ఏటా నా గుమ్మడికాయ కేకు కోసం చివరిదాకా కూర్చుంటారు. ఈ ఏడు చెయ్యనంటే ఎందుకని అడుగుతారు, చేస్తే తినగానే తెలిసిపోతుంది. నీ పుస్తకంలో ఆ పేజీ ఒక్కటే ఖాళీ. నీ మొహం మీద తలుపు వేసినందుకు దేవుడు నాకు సరైన శిక్షే వేశాడు.

అబ్బాయికి చెప్పకు. నేనే చెబుతాను.

అత్త


బాపట్ల,
21-1-1968

అత్తయ్యగారూ,

మీరు తలుపు వేసుకున్నా కేకు మాత్రం నాకే ఎక్కువ పెట్టారు. ఆ రుచి నా నోట్లో ఉంది. దాన్ని పట్టుకుని వెనక్కి నడిచాను.

మొదటిసారి చేసింది హల్వా అయింది. తురుము నీళ్ళు పిండలేదు. రెండోది అడుగు మాడింది, ఇసుక చాల్లేదు. మూడోది బాగా వచ్చింది గాని మీది కాదు. అమ్మ అయితే, “ఎనిమిదో నెలలో నిప్పుల ముందు ఈ తపస్సేంటే, మీ అత్తగారు తెలిస్తే నన్ను తిడుతుంది” అని రోజూ సణుగుతోంది. వీధిలో పిల్లలకి మాత్రం పండగ్గా ఉంది. నాలుగోది నోట్లో పెట్టుకోగానే మీరు నా ఎదురుగా నిలబడి “ఎలా ఉందే?” అన్నట్టయింది. అదేనండీ. చెయ్యి కడుక్కోకుండానే రాసుకున్నాను.

తీపి గుమ్మడి సన్నగా తురిమి, గుడ్డలో గట్టిగా పిండాక సోలెడు. గోధుమపిండి రెండు సోలలు. బెల్లం పొడి సోలెడు. బెల్లం అక్కడ కొనకండి, అమ్మ నోట్లో వేసుకుని చూసి కొన్నది ఈ పార్సిల్లో ఉంది. వెన్న అరసోల, గుడ్లు నాలుగు, సోడా అర చెంచా, ఉప్పు పావు చెంచా, గీసి కొలవండి. ఇసుక నాలుగు వేళ్ళ మందం. పైన బొగ్గులు రెండుసార్లు మార్చాలి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

ఆఖరున శొంఠి పొడి ఒక నిండు చెంచా. మీరు శొంఠి వేసేవారు కాదని నాకు తెలుసు. అయినా వేయండి. ఎందుకని అడక్కండి.

ఇంకో మాట, కోడలు చెప్పకూడనిది. ప్రేమకుమారిగారికి మీరే చెప్పెయ్యండి. దాచితే ఒక రోజు ఎవరో చెబుతారు. అప్పుడు చేదు బీరకాయ మిగులుతుంది, పందొమ్మిదేళ్ళు పోతాయి.

మీ
రిబ్కా


రేపల్లె,
12-2-1968

నా తల్లి రిబ్కాకు,

నిన్న కోత పండుగ అయింది. ముందు అసలు సంగతి.

శనివారం కేకు కలిపే ముందు ప్రేమకుమారిగారిని వంటగదిలోకి పిలిచి, పుస్తకం చేతికిచ్చి, అంతా చెప్పాను. ఆవిడ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా నిలబడే చదివింది. తర్వాత, “మరి కాయ చేదో కాదో పుస్తకం చెప్పదుగా?” అంది. చెప్పదండి అన్నాను. “రోజుకో పిల్ల వచ్చి నీ పక్కన నిలబడి రుచి చూస్తుంది. అరవై నాలికలున్నాయి మనకి. అలాగే వాళ్ళకీ వంట వస్తుంది” అంది. అంతే. ఇంత చిన్న మాట కోసం ఆరు నెలలు నిద్ర లేకుండా ఉన్నానా అనిపించింది. ఇవాళ పొద్దున వచ్చిన పిల్ల పులుసు రుచి చూసి, “ఉప్పు సరిపోయిందమ్మా, నీ ముఖమే చప్పగా ఉంది, నవ్వు” అంది. చెవి మెలిపెట్టాను.

నువ్వు రాసినట్టే చేశాను. గుడిలో గుమ్మడికాయలు, అరటి గెలలు, వంకాయల బుట్టలు అన్నీ అయ్యాక నా కేకు ఎత్తారు. ఇద్దరు పంతం పట్టి పాడారు. చివరికి మా సంఘ కాపరి బర్నబాస్ అయ్యగారు పాడుకుని, అక్కడే కోసి అందరికీ పంచారు. నేను స్తంభం వెనక నిలబడి ముఖాలు చూశాను. ఎవరూ మంచినీళ్ళడగలేదు. అయ్యగారు రెండో ముక్క తీసుకుంటూ, “కమలమ్మా, ఈసారి కొత్తగా ఏదో వేశావు. ఇలాగే చెయ్యి” అన్నారు. మా కోడలు చెప్పింది వేశానండి అని గట్టిగా, అందరూ వినేటట్టు చెప్పాను.

అందరూ వెళ్ళాక పళ్ళెంలో ఒక ముక్క మిగిలింది. రుచి తెలియనిదానికి ఎందుకులే అని పిల్లలకి ఇవ్వబోయి, ఎందుకో నోట్లో పెట్టుకున్నాను. తీపి తెలియలేదు. గుమ్మడికాయ తెలియలేదు. నమిలి మింగబోతుంటే నాలిక చివర సన్నగా వెచ్చబడింది. తర్వాత గొంతులోకి మెల్లగా దిగింది. నాకు మిగిలింది మంట ఒక్కటే అని నీకు ఏడుస్తూ రాసిన మాట గుర్తొచ్చింది. శొంఠి ఎందుకో అప్పుడు తెలిసింది.

అడక్కండి అన్నావు, అడగను. ఆ బల్ల మీదే కూర్చుని, ముక్కంతా మెల్లగా తిన్నాను.

నీ
అత్త